రెండడుగుల దూరం

అయనావరంలో మునిరత్నం గారు నిద్రపోయాక
మంచం పక్క స్టూలు మీది తెల్ల పెట్టె
ఆయన ఎడమ భుజం కింద ఉన్నదాన్ని పిలుస్తుంది.
ఆయనకు వినబడదు.
గుండెకు కూడా తెలియదనుకుంటాను.

లోపలిది పొదుపరి.
ఎనిమిదేళ్లకు సరిపడా బ్యాటరీతో కాపురానికి వచ్చింది,
ఒక్క మాటా దుబారా చెయ్యదు.
పైగా కండా నెత్తురూ దాటుకుని రావాలి,
సగం మాట దారిలోనే ఇంకిపోతుంది.
అందుకే పెట్టెను మంచానికి దగ్గరగా పెట్టమంటాం.
ఆయన దాని మీద తువ్వాలు ఆరేస్తారు.
వద్దని రెండుసార్లు చెప్పాను.

తెల్లారి ఎనిమిదిన్నరకు
కీల్పాక్‌లో ఒక ఆసుపత్రి రెండో అంతస్తు, కిటికీ లేని గది,
కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని
నలభై ఒక్క మంది గుండెల రాత్రిని చదువుతాను.
సూళ్లూరుపేటలో ఎవరైనా అడిగితే
"కంప్యూటర్లో ఏదో" అంటుంది మా అమ్మ.

కొందరి ముఖాలు నేనెప్పుడూ చూడలేదు.
కానీ ఎవరు మేడ మెట్లు ఎక్కడం మానేశారో తెలుసు.
ఎవరు మూడింటికే లేచి ఇల్లంతా తిరుగుతారో తెలుసు.
తెలిసినట్టు వాళ్లకు తెలియదు.

మంగళవారం ఆయన వరుసలో ఎర్ర గుర్తు.
నిన్న సాయంత్రం ఐదూ నలభై. పదకొండు సెకన్లు.
ముగ్గు చుక్కల్లా నడిచే గీత
పిచ్చిగడ్డిలా లేచింది.
ఏ గుండే అలా కొట్టుకోదు.
బయటి కరెంటు అది.
లోపలిది ఏదీ నమ్మలేక
కళ్లు మూసుకుని
తన లెక్క ప్రకారం తాళం వేసుకుంటూ పోయింది,
ఆ గోల అణిగేదాకా.

ముప్పై రెండేళ్లు పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో
వెల్డింగ్ చేసిన మనిషి.
ఫోన్ చేశాను.

"అది అంతా చెప్పేస్తాదా మ్మా?"
పేర్లు చెప్పదు, టైం మాత్రం చెబుతుంది, అన్నాను.
కాసేపు బస్సు హారన్ తప్ప ఏమీ లేదు.

"ఎదురింటి ధనకోటమ్మ ఇడ్లీ బండి ఇరుసు ఇరిగిపోయిండాది.
కుర్ర వెల్డరు ఎనిమిది నూర్లు అడిగినాడు.
నువ్వు చెప్పింది మరిచినానా నేను?
రెండడుగులు. నూట ముప్పై ఆంపియర్లు దాటనీలా.
హోల్డర్‌కి పైపు ముక్క కట్టి, స్కేలు పెట్టి కొలిచి,
ఆమడ దూరం నుంచి అతికినా."

గొంతులో జంకు లేదు.
"ఒకటే బాధ మ్మా. అంత దూరాన్నించి
కుట్టు వంకర పోయింది."

రిపోర్టులో 'కారణం' అని ఒక గడి ఉంటుంది.
డాక్టరు దాన్ని మూడు సెకన్లు చూస్తారు.
బయటి విద్యుత్ జోక్యం, జాగ్రత్తలు మళ్లీ చెప్పాం, అని నింపాను.
పైపు ముక్కకి అందులో చోటు లేదు.

ఇంటికి పోవాల్సిన బస్సు ఎక్కకుండా
ఆ సాయంత్రం అయనావరం పోయాను, ఎందుకో.
ధనకోటమ్మ దగ్గర నాలుగు ఇడ్లీలు అడిగి
ఆవిడ చట్నీ పోస్తుండగా
ఫోన్ టార్చి వేసి బండి కిందికి వంగాను.
కార్పొరేషన్ మనిషిననుకుని
గరిటె గాల్లోనే ఆపింది.

ఇరుసు మీద కుట్టు
మొదటి జానెడు నిజంగానే వంకర,
బెదిరిన చీమల బారులా అటూ ఇటూ.
ఆ తరువాత మూడు వేళ్ల మేర
తిన్నగా.
చేప పొలుసులు పేర్చినట్టు,
ఎక్కడా తొట్రుపాటు లేకుండా, నునుపుగా.

మూడు వేళ్లు.
పదకొండు సెకన్లు.
పైపు ముక్క ఎప్పుడు విప్పేశారో,
ఎంత దగ్గరికి వంగారో
ఇనుము కూడా చెప్పేసింది.

లేచి నిలబడ్డాను. ఇడ్లీ చల్లారింది.
"ఏమన్నా తక్కువుండాదా?" అంది ధనకోటమ్మ.
గట్టిగా ఉంది, అన్నాను.

ఎదురు మేడ మీద లైటు ఆరింది.
అర్ధరాత్రి దాటాక పెట్టె పిలుస్తుంది.
తువ్వాలు తీశారో లేదో.